పాట మనది, లెక్కా మనకు తెలియాలి
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రేలా పాడినా, థింసా ఆడినా మనం ఒంటరిగా ఉండం. చెయ్యీ చెయ్యీ కలుపుతాం. అలాగే కలిసి పాడిన నలుగురు ఆడపిల్లల కథ ఈరోజు మీకు చెప్పాలనుకున్నాం.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పసేయిక్ అనే ఊరుంది. అక్కడి హైస్కూల్లో షర్లీ ఓవెన్స్, డోరిస్ కోలీ, యాడీ హారిస్, బెవర్లీ లీ అనే నల్లజాతి పిల్లలు చదువుకునేవారు. 1957లో స్కూలు పోటీ కోసం తామే ఒక పాట కట్టి పాడారు. తోటి విద్యార్థిని ఒకమ్మాయి అది విని, వాళ్లను తన తల్లి ఫ్లోరెన్స్ గ్రీన్‌బర్గ్ దగ్గరకు తీసుకెళ్లింది. ఆమెకు చిన్న రికార్డు కంపెనీ ఉంది. ఈ పిల్లలు ‘మనకెందుకులే’ అని మొదట తప్పించుకు తిరిగి, చివరికి ఒప్పుకున్నారు. బృందం పేరు షిరెల్స్. 1958లో ఆ స్కూలు పాటే జాతీయ పాటల పట్టికకు ఎక్కింది.

తర్వాత కెరోల్ కింగ్, జెర్రీ గాఫిన్ అనే యువ దంపతులు రాసిన పాట వచ్చింది. షర్లీకి మొదట అది నచ్చలేదు. వయొలిన్లు చేర్చాక మనసు మార్చుకుంది. 1961 జనవరిలో బిల్‌బోర్డ్ హాట్ 100లో అది మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి ఆడపిల్లల బృందానికి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. 1963లో బీటిల్స్ తమ తొలి ఆల్బమ్‌లో వీళ్ల పాటలు రెండు పాడారు.

ఇక్కడిదాకా సంతోషమే. తమ సంపాదన దాచి ఉంచామని, 21 ఏళ్లు నిండాక ఇస్తామని కంపెనీ చెప్పిందని ఆ పిల్లలు నమ్మారు. తీరా అడిగితే ఆ డబ్బు లేదు. వ్యవహారం కోర్టుకెక్కి, రాజీతో ముగిసింది. పేరు మాత్రం నిలిచింది. 1996లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో వాళ్లకు చోటిచ్చారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు మన గూడేలకూ ఫోన్లు, కెమెరాలు పట్టుకొని వస్తున్నారు. రానివ్వండి, పాడండి. అయితే చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. ఎవరు పాడారో, ఏ తేదీన పాడారో, ఏ అవ్వ నేర్పిందో రాసి పెట్టుకోండి. ఊరంతటి పాటైతే ముందు ఊరి పెద్దలను అడగండి. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, వ్యాపారానికి వాడుకునే పాటలో పాడినవారికీ రాయల్టీ హక్కు ఇచ్చింది. ఆ మాట అడగడానికి సిగ్గుపడకండి.

గొంతు కలిపినట్టే లెక్క చూసేటప్పుడూ కలిసి కూర్చుందాం. జై ఆదివాసీ.