పినాకినీ తీరం నుంచి హగరి ఇసుకతిన్నెల దాకా

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ ఏడాదిలో పిల్లలకు ఒక విజ్ఞానయాత్ర జరిపించాలన్న మాట వచ్చినప్పుడల్లా అందరి నోటా వినిపించే పేర్లు జైపూర్, జోధ్‌పూర్, జైసల్మేర్. బంగారు వన్నె కోటలు, ఒంటెల బారులు, అలలు తేలిన ఇసుక - వీటిని చూడాలన్న కోరిక సహజమైనదే. 1156లో రావల్ జైసల్ స్థాపించిన జైసల్మేర్ కోటలో నేటికీ జనం కాపురముంటున్నారు. 2013లో ఆ కోట ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేరింది. కాని ఏటా 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట అంత నగరం ఎట్లా నిలిచిందన్న ప్రశ్నకు జవాబు కోట బురుజులలో లేదు. ఊరి వెలుపల 14వ శతాబ్దంలో తవ్వించిన గడీసర్ చెరువులో ఉంది. ఒంటెనెక్కి ఛాయాచిత్రం తీయించుకొని వచ్చే యాత్రికుడు ఆ చెరువును తరచుగా ఒక అందమైన దృశ్యంగానే చూసి వెళ్లిపోతాడు.

జైసల్మేర్ ఇక్కడికి సుమారు రెండు వేల కిలోమీటర్ల దూరం. అంత దూరం పోగల స్తోమత ఎన్ని కుటుంబాలకు ఉంటుంది? గులాబీ తోటలలోను, టమాటా పొలాలలోను, హోసూరు కర్మాగారాలలోను పనిచేసే తల్లిదండ్రుల పిల్లలు ఈ బడిలో చదువుకుంటున్నారు. డబ్బు కట్టగలిగిన వారిని తీసుకుపోయి, కట్టలేని వారిని తరగతిలో కూర్చోబెట్టే యాత్ర విజ్ఞానయాత్ర అనిపించుకోదు. కనుక, చారిత్రక నగరాలూ ఇసుకతిన్నెలూ రెండూ ఉండి, అయిదు రోజులలో ముగిసి, ఒక వాహనానికీ ఒక మార్గదర్శికీ సరిపడే ఖర్చుతో జరిగే యాత్ర ఏదైనా ఉన్నదా అని వెదకవలసి ఉంటుంది. ఉన్నది. దాని దారి కెలవరపల్లి జలాశయం గట్టు మీదనే మొదలవుతుంది.

ఈ గట్టు కింద పారే ఏరు దక్షిణ పినాకిని. తమిళంలో తెన్‌పెణ్ణై. కర్ణాటకలో నందికొండల ప్రాంతంలో పుట్టి, ఇక్కడికి వచ్చి, కృష్ణగిరి, సాత్తనూరు జలాశయాలు దాటి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే నందికొండల సీమలో దీనికొక అక్క పుట్టింది. ఆమె ఉత్తర పినాకిని, అంటే పెన్న. చెల్లెలు దక్షిణానికి నడిస్తే అక్క ఉత్తరానికి నడిచి, హిందూపురం, అనంతపురం, కడప సీమలు తడిపి, నెల్లూరు దాటి సాగరాన్ని చేరుతుంది. చెల్లెలి ఒడ్డున పుట్టిన పిల్లలు అక్క ఇంటికి పోయి రావడమే ఈ యాత్ర. బెంగళూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి హోసూరునూ పెనుకొండ సీమనూ ఒకే తాటిపై కలుపుతున్నది. పిల్లలు రోజూ చూసే రోడ్డే వారిని అక్కడికి తీసుకుపోతుంది.

బయలుదేరేముందు ప్రతి విద్యార్థి చేతిలోనూ ఒక నోటుపుస్తకం ఉండాలి. తెలుగువారికి ఈ అలవాటు కొత్తది కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. ఆ పదిహేను నెలల పదిహేను రోజులలో తాను చూసిన దారులు, నదులు, ఊళ్లు, మనుషుల ఆచారాలు రాసి పెట్టాడు. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె ఆ రాతలను 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించాడు. పుణ్యం కోసం పోయినవాడు కళ్లు తెరుచుకొని పోయాడు గనుకనే ఆ యాత్ర ఇప్పటికీ చదివే వారందరి సొత్తయింది. విద్యార్థుల నోటుపుస్తకంలో ప్రతి మజిలీ కింద మూడు ప్రశ్నలు ఉంటే చాలు. ఇక్కడికి నీరు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు తెచ్చారు? ఇప్పుడది ఏమయింది?

మొదటి మజిలీ లేపాక్షి. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో, తాబేటి వీపు వంటి కూర్మశైలం మీద వీరభద్రాలయం ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు దీనిని కట్టించారు. పైకప్పు మీది వర్ణచిత్రాలు, ఏడు పడగల నాగలింగం, ఊరి మొదట్లోని ఏకశిలా నంది చూసి తీరవలసినవి. నేలకు పూర్తిగా ఆనని స్తంభం కింద నుంచి గుడ్డముక్క లాగి పిల్లలు సంబరపడతారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టిన నేరానికి విరుపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడన్న కథ కూడా వింటారు.

మార్గదర్శి విలువ తెలిసేది ఇక్కడే. కథను కథగా చెప్పి, శాసనాన్ని శాసనంగా చూపి, రెండింటికీ భేదం పిల్లలకు విడమరచేవాడే మంచి మార్గదర్శి. పెద్ద బస్సులలో పోయే యాత్రలలో రోజుకు పది చోట్లు చూపిస్తారు. ప్రశ్న అడిగే వ్యవధి ఉండదు. సొంతంగా ఏర్పాటు చేసుకున్న యాత్రలో వాహనం ఆపమన్న చోట ఆగుతుంది. ఒక పిల్లవాడు ఒక శిల్పం ముందు అరగంట నిలబడతానంటే నిలబడనివ్వవచ్చు. అయితే మార్గదర్శిని ముందుగానే కుదుర్చుకోవాలి, ఆయనతో ఒక ఉపాధ్యాయుడు ముందే కూర్చొని మాట్లాడుకోవాలి. యాత్ర ఫలం సగం ఈ ముందుచూపు మీదనే ఆధారపడుతుంది.

రెండవ మజిలీ పెనుకొండ. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని ఈ ఘనగిరికి మార్చాడు. కొండమీది బురుజులు, గగనమహలు, పక్కపక్కనే నిలిచిన శివకేశవుల ఆలయాలు, పార్శ్వనాథుని బసది, బాబయ్య దర్గా - ఒక్క ఊరిలో ఇన్ని మతాల జాడలు కనిపిస్తాయి. కృష్ణగిరి పిల్లలకు ఈ కోటతో మరో బంధం కూడా ఉంది. 16వ శతాబ్ది చివరలో పెనుకొండను శత్రువుల ముట్టడి నుంచి కాపాడిన జగదేవరాయలకు బారామహల్ సీమ జాగీరుగా దక్కిందని జిల్లా చరిత్రలు చెబుతాయి. కృష్ణగిరి దగ్గరి జగదేవి గ్రామం పేరు ఆయనదే.

అయితే పెనుకొండలో పిల్లలకు ముందుగా చెప్పవలసిన పేరు రాజుది కాదు, సేనానిది కాదు. సింగయభట్టుది. 1388 నాటి ఒక శాసనం ఆయనను జలసూత్రంలో, అంటే నీటిని నడిపించే విద్యలో, నిపుణుడిగా పేర్కొంటున్నది. ప్రాణులకు నీరే ప్రాణం గనుక పెన్ననదిని పెనుకొండకు తీసుకురావలసిందని రాజాజ్ఞ అయింది. సింగయభట్టు కాలువ తవ్వించి, సిరువేర చెరువు వరకు నీటిని నడిపించి, ఆ కాలువకు ప్రతాప బుక్కరాయల పేరు పెట్టి, శాసనం రాయించాడు. అంటే, రాజధాని అక్కడికి రావడానికి 177 ఏళ్ల ముందే అక్కడికి నీరు తెప్పించే ఆలోచన జరిగింది. అంతకు ముందు 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర వేయించిన శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను లెక్కించింది. ఆ చెరువు కోసం వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు కూడా రాసింది. చెరువు కట్టడాన్ని శాస్త్రంగా భావించి రాతిమీద చెక్కించిన పూర్వులు వీరు.

మూడవ మజిలీకి పోయేటప్పుడు నేల రంగు మారుతుంది. సహ్యాద్రి అడ్డు వల్ల నైరుతి మేఘాలు అనంతపురం సీమకు చేరేసరికి బరువు కోల్పోతాయి. ఏటా సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వాన పడే జిల్లాగా ఈ సీమ చాలాకాలంగా పేరుబడింది. రాయదుర్గం వైపు సాగి కణేకల్, బొమ్మనహాళ్ ప్రాంతాలు చేరితే, వేదవతీ నది ఒడ్డున, రైతు పొలాల మధ్య, నిజమైన ఇసుకతిన్నెలు కనిపిస్తాయి. ఆ నదినే అక్కడివారు హగరి అంటారు. తెలుగు నేలమీద ఎడారి చూశామని చెప్పుకోగలిగిన చోటు అదే.

భూగోళశాస్త్రం ప్రకారం ఇది థార్ వంటి ఎడారి కాదు, అర్ధశుష్క మండలం. అందుకే ఇక్కడి పాఠం మరింత ముఖ్యమైనది. థార్‌ను ప్రకృతి చేసింది. ఇక్కడ ఎడారి పుట్టే తీరు మనిషి కళ్లెదుటే కనిపిస్తుంది. బాబాబూదన్ కొండలలో పుట్టిన వేదవతికి ఎగువన 1907లో మారికణివె ఆనకట్ట, దిగువన భైరవానితిప్ప జలాశయం వచ్చాయి. వానలు తక్కువై, ప్రవాహం అరుదై, నదీగర్భం ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోతుంది. జూన్ మొదలు సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలి ఆ ఎండిన ఇసుకను లేపి ఒడ్డుమీది పొలాల మీదికి తోస్తుంది. ఒడ్డున చెట్టు ఉంటే గాలి అక్కడ తగ్గుతుంది. చెట్టు లేకపోతే తిన్నె ముందుకు నడుస్తుంది.

ఈ తిన్నెలు వినోదస్థలాలు కావు. వాటి కింద ఎవరిదో పొలం ఉంది. పొలం యజమానిని అడిగి అడుగు పెట్టాలి. వాహనాన్ని దూరంగా ఆపాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తెల్లవారుజామున పోతే ఎండ బాధించదు. నీళ్లు వెంట ఉండాలి, సీసాలు తిరిగి వెంట రావాలి. ఇసుక మీద గాలి గీసిన గీతలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోతున్నాయో పిల్లలచేత గీయిస్తే, నాలుగు పుటల పాఠం ఒక్క గడియలో అర్థమవుతుంది.

చివరి మజిలీ హంపీ. బళ్లారి మీదుగా దారి. 1986లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ శిథిల నగరం గురించి వేరే చెప్పనవసరం లేదు. కాని ఇక్కడ కూడా ఆ మూడు ప్రశ్నలే అడగాలి. రాజప్రాసాదాల పునాదులు మాత్రమే మిగిలాయి. రాతి తొట్ల మీదుగా నీటిని మెట్ల కోనేటికి నడిపిన వరుస ఇంకా నిలిచి ఉంది. తుంగభద్ర నుంచి తవ్విన తుర్తు కాలువ నేటికీ అరటితోటలను, వరిమళ్లను తడుపుతున్నది. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, ఈ నగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ ఒక చెరువు పని చూశాడు. పదిహేను ఇరవై వేలమంది చీమల బారులా అక్కడ పాటుపడుతున్నారని రాసుకున్నాడు. 1565లో కోటలు కూలాయి, సింహాసనం పోయింది. కాలువ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది.

తెలుగు బడి దేనికి అని అడిగేవారు ఈ రోజులలో ఉన్నారు. తమిళనాట పుట్టిన బిడ్డకు తమిళం కావాలి, ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, ఆ మాట నిజమే. కాని ఈ దారి పొడుగునా ఒక సంగతి స్పష్టపడుతుంది. ఆ కాలంలో తెలుగు, కన్నడ లిపులు ఎంతో దగ్గరివి. శాసనం ముందు నిలబడిన పిల్ల తనకు తెలిసిన అక్షరం ఒకటి పట్టుకుంటుంది, ఆ పక్కది ఊహిస్తుంది. ఆమెకు రాయి మాట్లాడుతుంది. ‘ఆముక్తమాల్యద’ రాసిన రాజు ఊరిలో తెలుగు చదవగల బిడ్డ పరాయిది కాదు.

తిరుగు ప్రయాణంలో యాత్ర ముగియవలసిన చోటు బడి గేటు కాదు, మళ్లీ కెలవరపల్లి గట్టే. పెనుకొండకు నీరు తెచ్చిన వారిని, హగరి ఒడ్డున నీరు పోగొట్టుకున్న వారిని, హంపీలో నీటిని మిగిల్చిపోయిన వారిని చూసివచ్చిన కళ్లతో పిల్లలు ఈ జలాశయాన్ని చూడాలి. బెంగళూరు వైపు నుంచి వచ్చే శుద్ధిచేయని మురుగు, కర్మాగారాల వ్యర్థాలు కలిసి, ఈ నీటి మీద తెల్లని నురుగు గుట్టలుగా తేలడం ఈ ఊరివారు ఏళ్లుగా చూస్తున్నదే. చూసి చూసి అలవాటైపోయినది. నీరు లేక ఊరు ఎడారి కావచ్చు. నీరు ఉండి కూడా, ఆ నీరు పొలానికీ గొంతుకూ పనికిరాకపోతే, గట్టు నిండుగా ఉన్నా ఆ ఊరు ఎడారే. నోటుపుస్తకంలోని మూడవ ప్రశ్నకు - ఇప్పుడది ఏమయింది - జవాబు రాయవలసిన చివరి పుట ఇదే. ఆ పుటను పిల్లలు రాస్తే, పెద్దలు చదివి సిగ్గుపడినా పరవాలేదు, చదవాలి.

అందువల్ల పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. జూబిలీ గుర్తుగా బడికి చేసే సహాయాలు ఎన్నో ఉండవచ్చు. వాటిలో ఒకటిగా, ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లవాడి యాత్రా భారం వహించాలి. ఎవరి ఖర్చు ఎవరు భరించారో పిల్లలకు తెలియనవసరం లేదు. తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, దూరమని వెనుదీయక పంపాలి. వెంట ఉపాధ్యాయినులు ఉంటారు. తిరిగి వచ్చాక ఆ నోటుపుస్తకాలు గ్రంథాలయంలో ఒక అరలో చేరాలి. మరో పాతికేళ్లకు ఈ బడి శతాబ్ది జరుపుకొనే నాడు, ఆ అర తెరిచి చూసేవారికి, ఈ తరం తన ఏటిని ఎట్లా చూసిందో, చూసి ఏమి చేసిందో తెలుస్తుంది.

సింగయభట్టు కాలువ తవ్వినప్పుడు ఆయనెవరో పెనుకొండలో ఎందరికి తెలుసునో చెప్పలేము. ఆరువందల ఏళ్ల తరువాత ఆయన పేరు కెలవరపల్లి సభలో వినిపించింది. నీటికి మేలు చేసినవారి పేరు అంత దూరం పారుతుంది. ఈ పాఠశాల నుంచి అటువంటి పేరు ఒక్కటైనా రావాలి.