డెబ్బై అయిదు కిలోహెర్ట్జ్‌ల గీత
(ప్లాటినోత్సవ విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

మన పాఠశాలకు 75 ఏళ్లు నిండిన వేళ నేను ప్రస్తావించదలచిన సంఖ్య కూడా 75 కావడం యాదృచ్ఛికం. మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారాలు 1977లో ఈ చెన్నపురిలోనే, ఆకాశవాణి మద్రాసు కేంద్రం నుండి ఆరంభమైనాయి. ఈ పద్ధతిలో ధ్వని హెచ్చుతగ్గులను అనుసరించి వాహక తరంగపు పౌనఃపున్యం ఇటూ అటూ జరుగుతుంది. ఆ జరుగుబాటు ఒక్కొక్క వైపు 75 కిలోహెర్ట్జ్‌లకు మించరాదన్నది నియమం. అదే నూరు శాతం మాడ్యులేషన్. బాగా తగ్గితే ధ్వని క్షీణిస్తుంది. మించితే ప్రక్క కేంద్రానికి ఇబ్బంది.

దీనిని కొలిచే యంత్రాలు ఖరీదైనవి. అయితే టెలివిజన్ ప్రసారాలను కంప్యూటరులో చూడడానికై తయారైన బొటనవ్రేలంత గ్రాహకంలో ఆర్.టి.ఎల్.2832యు అనే చిప్ ఉన్నది. అది ముడి నమూనాలను కూడా అందించగలదని 2012లో ఔత్సాహికులు లోకానికి చాటారు. మా పదవ తరగతి పిల్లలు తెచ్చినది ఆ గ్రాహకమే.

సెకనుకు 24 లక్షల నమూనాలు తీసి, వడగట్టి, 3 లక్షలకు తగ్గించాం. ప్రతి నమూనాను గడియారపు ముల్లుగా భావించండి. ఒక నమూనా నుండి తరువాతి దానికి ముల్లు ఎంత తిరిగిందో అదే ఆ క్షణపు జరుగుబాటు. పావు చుట్టు తిరిగితే 3 లక్షలలో పావు, అనగా 75 కిలోహెర్ట్జ్‌లు. లెక్క ఇంతే! కాని వడపోత మరీ సన్ననైతే కొలత చెడుతుంది. స్టీరియో ప్రసారానికి దాదాపు 256 కిలోహెర్ట్జ్‌ల వెడల్పు కావాలి.

ఒక సాయంత్రం పిల్లలు పరుగున వచ్చారు. "మేడమ్, ఆ కేంద్రం గీత దాటుతున్నది! 80 వస్తున్నది!" కేంద్రాధికారికి ఫిర్యాదు ఉత్తరం సైతం సిద్ధం, నా సంతకమే తరువాయి. "రెండవ వైపు ఎంత?" అని అడిగాను. 70. సగటు సున్నా కావలసిన చోట 5 ఉన్నది. చవక గ్రాహకపు స్ఫటికంలో పది లక్షలకు 50 పాళ్ల దోషం ఉంటే, 100 మెగాహెర్ట్జ్‌ల వద్ద అది సరిగ్గా 5 కిలోహెర్ట్జ్‌లవుతుంది. తప్పు కేంద్రానిది కాదు, మన తక్కెడ ముల్లుది. ఆ 5 తీసివేయగా ఇరువైపులా 75. అదే దోషం 75 మీద నాలుగు హెర్ట్జ్‌లైనా చేయదు గనుక కొలబద్దకు హాని లేదు.

అయినా నడుమ నడుమ 90 దాటే ముళ్లు కనబడుతూనే ఉన్నాయి. ఏరియల్ ఇనుప బీరువా ప్రక్కన ఉన్నది. మేడ మీదికి మార్చగానే అవి మాయమైనాయి. ప్రతిబింబించిన తరంగాలు కలియడం వల్ల పుట్టిన భ్రమ అది. చివరిగా స్టీరియోకు గుర్తుగా పంపే 19 కిలోహెర్ట్జ్‌ల పైలట్ స్వరాన్ని కొలిచాం. అది 6 నుండి 7.5 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉండాలి, ఉన్నది. అప్పుడు గాని మా కొలత మీద నాకు నమ్మకం కుదరలేదు.

ఉత్తరం వ్రాసిన బాలిక రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నది. చక్కని ఉత్తరం, పారవేయ మనసొప్పలేదు. విజ్ఞానశాల గోడకు అంటించి, ప్రక్కన ఎర్రసిరాతో "రెండవ వైపు 70" అని వ్రాశాను. సభ ముగిశాక చూచి వెళ్లండి.