చెట్ల నీడలో కనకాంబరము

(పూలతోటల రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



మీలో చాలమందికి బావిగట్టుననో, కొబ్బరిచెట్ల నడుమనో, పశువుల కొట్టము ప్రక్కనో ఏ పైరునకును పనికిరాదని వదలివేసిన గుంటెడు నేల ఉండును. "అక్కడ నీడ పడును, ఏమియు పండదు" అని మీరందురు. ఆ నేలలో కనకాంబరము పండును. అది ఎట్లు పండునో, దానిని పెంచుటలో నేను చేసిన పొరపాటు ఏదియో ఈ దినము మీతో చెప్పదలచితిని.

కనకాంబరము మనకు క్రొత్త మొక్క కాదు. దక్షిణ భారతదేశమును, శ్రీలంకయు దీని పుట్టినిండ్లలోనివి. అడ్డసరము, డిసెంబరము పూలమొక్క దీని చుట్టములే. ఇది రెండు మూడడుగుల ఎత్తు పెరిగి, ఏడాది పొడవునను ఆకు రాల్చక పచ్చగా నుండును. కాని సుకుమారమైనది. చలికి ఓర్వదు. డిసెంబరు, జనవరి రాత్రులలో చలి ముదిరినపుడు ఎదుగుదల మందగించి కంకులు తగ్గును. నడివేసవి ఎండకు ఆకు వాడి, పూవు రంగు వెలయును. ఈ పూవునకు వాసన లేదు. ఐనను తేలికగా నుండి, కోసిన పిమ్మట త్వరగా వాడదు గనుక మాలలు కట్టువారు దీనిని వదలరు. మల్లెలతో కలిపి మూరల లెక్కన అమ్ముదురు.

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. మన రాజేంద్రనగరు వ్యవసాయ కళాశాలయు 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడువరకు దానికి చెందినదే. 1939లో ప్రారంభమైన అక్కడి ఆర్ట్స్ కళాశాల రాతి భవనమును మీలో కొందరు చూచియే యుందురు. ఆ ప్రాంగణమును ఆనుకొనియున్నది తార్నాక. ఆ ప్రాంతపు నేల రాతిగుట్టలు చివికి ఏర్పడిన ఎర్రనేల, క్రింద మొరము. నీరు నిలువక ఇంకును. వేప, కానుగ నీడ మెండు. కనకాంబరమునకు ఇట్టి చోటు సరిపడును.

కొన్నేండ్ల క్రిందట నేను తార్నాకలో ఒక అద్దె ఇంటిలో ఉంటిని. ఆ పెరటిలో కనకాంబరమును మూడు చోట్ల వేసి చూచితిని. పడమటి గోడ ప్రక్కన వేసినవి సాయంకాలపు ఎండకును, గోడ వేడికిని మాడినవి. దట్టమైన వేపచెట్టు క్రింద వేసినవి సన్నగా సాగి, ఆకులే గాని కంకి వేయలేదు. ఇంటికి తూర్పున వేసినవి మాత్రము ప్రొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నము నుండి నీడ పట్టి, కన్నుల పండువుగా పూచినవి. నీడ రహస్యము తెలిసినదని పొంగిపోతిని.

ఘట్‌కేసరు వైపు గ్రామమునుండి పాలు తెచ్చు రైతు ఒకడు ఆ పూలను చూచి, "సారూ, మాకు గూడ నారు ఇప్పించుండ్రి" అని అడిగినాడు. నేను సంతోషముగా నారుపోసి ఇచ్చితిని. అతని భార్య బావి ప్రక్కన గుంటెడు నేలలో నాటినది. మొదటి ఏడు బాగుగా పూచినవి. ఆమె తెల్లవారక ముందే కోసి, మాల కట్టి అమ్ముకొని, ఆ డబ్బుతో కూతురి బడి ఖర్చు గడుపుకొన్నది. రెండవ ఏడు మొక్కలు గిడసబారి, ఆకులు పసుపెక్కి, ఒక్కొక్కటిగా ఎండినవి. "నీడ ఎక్కువైనదనుకొని వేపకొమ్మలు కొట్టించినాము సారూ, ఐనను బ్రతుకలేదు" అని అతడు చెప్పినాడు.

నేను పోయి ఒక మొక్కను పెరికి చూచితిని. వేళ్ళనిండ బుడిపెలు! అవి నులిపురుగుల పని. ఇంటికి వచ్చి నా మొక్కలను పెరికి చూడగా వానికిని బుడిపెలే. నేను నారుపోసిన మడిలో అంతకుముందు రెండేండ్లు వంగ పెరిగినది. వంగవేళ్ళనుండి పురుగు మట్టిలో చేరినది. ఆ మట్టితో, నారుతో దానిని ఆ ఇల్లాలి చేనికి మోసికొని పోయినది నేనే. పైన నీడను చూచితిని గాని క్రింద వేరును చూడనైతిని. మరల మంచి నారు ఇచ్చితిని. కాని వారు పోగొట్టుకొన్న ఏడాదిని ఇయ్యలేకపోతిని. కావున నేను చెప్పు పద్ధతిలో నీడ ఎంత ముఖ్యమో వేరు అంత ముఖ్యము.

చోటు: ప్రొద్దుట నాలుగైదు గంటల ఎండ తగిలి, మధ్యాహ్నము తరువాత నీడ పట్టు చోటు మేలు. ఒక దినము ప్రొద్దు పొడిచినది మొదలు గంటగంటకు నీడ అంచున పుల్ల గ్రుచ్చి చూచినచో మీకే తెలియును. నీడ లేని చేనిలో పడమటి గట్టున అవిశ వరుస వేయవచ్చును. చెట్టు మొదటికి ఆరేడడుగుల దూరము వదలుడు. లేనిచో మీరు పోసిన ఎరువు చెట్టువేళ్ళ పాలగును. చూరునీరు పడుచోటు, నీరు నిలుచు పల్లము పనికిరావు. చౌడు నేలలో ఆకులు తెల్లబారును.

నారు: నాటు నారింజరంగు రకము గింజలతో పెరుగును. ఎండిన కాయకు నీరు తగిలినచో టప్పున పగిలి గింజలు ఎగిరిపడును. అందుచే ఎండిన కంకులను వాన పడకముందే కోసి, బుట్టలో వేసి, నీళ్ళు చిలికి, పైన గుడ్డ కప్పుడు. గింజలన్నియు బుట్టలోనే దక్కును. పాత గింజ సరిగా మొలవదు; ఆ ఏటి గింజనే జూన్, జూలైలలో పోయవలెను. ఢిల్లీ కనకాంబరమను రకము గింజ కట్టదు. దాని లేత కొనకొమ్మలను జానెడుకు తక్కువగా కత్తిరించి వానకాలములో నాటి వేరు పట్టింపవలెను.

వంగ, టమాట, బెండ పెరిగిన మడిలో నారు పోయరాదు. వేసవిలోనే మడిని దున్ని, తడిపి, పలుచని తెల్ల పాలిథిన్ పట్టా కప్పి, అంచులకు మట్టి వేసి నాలుగు నుండి ఆరు వారములు ఉంచినచో ఎండవేడికి మట్టిలోని పురుగు, శిలీంధ్రము చాలవరకు చచ్చును. ఇతరుల నారు కొనునపుడు రెండు మూడు మొక్కలు పెరికి, వేరు కడిగి చూడుడు. బుడిపెలున్నను, నల్లమచ్చలున్నను, ఉచితముగా ఇచ్చినను తీసికొనవద్దు.

నాటుట: గుంట అనగా 1089 చదరపు అడుగులు. రెండడుగుల ఎడముతో నాటినచో సుమారు 270 మొక్కలు పట్టును. ఎకరమునకు 10 టన్నుల లెక్కన గుంటకు రెండున్నర క్వింటాళ్ళ చివికిన పశువుల ఎరువు వేయవలెను. దానితో పది కిలోల వేపపిండియు కలుపుడు. ఎరువులో ట్రైకోడెర్మా కలిపి పది దినములు మాగనిచ్చి వేసినచో ఎండుతెగులు తగ్గును. నారు వయస్సు 45 నుండి 60 దినములైనపుడు బోదెలపై నాటి, నేల ఆరిన పిమ్మటనే మరల తడి ఇయ్యవలెను. రసాయనిక ఎరువులను భూసార పరీక్షను బట్టి వేయుడు.

తెగులు: ఒక మొక్క గిడసబారినచో నీడను నిందింపక, ముందు దానిని పెరికి వేరు చూడుడు. బుడిపెలు కనబడినచో ఆ మొక్కను మట్టితోగూడ తీసి కాల్చివేయుడు. ఆ మడి పారను కడుగక మరియొక మడిలో పెట్టరాదు. చెడిన మడిలో ఒక పంటకాలము చిక్కగా బంతి వేయుడు. బంతివేళ్ళలోని పదార్థము నులిపురుగులను అణచును. బంతిపూలును చేతికి వచ్చును.

కోత: నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలగును. కంకిలో పూలు క్రిందినుండి పైకి విచ్చును. దినము విడిచి దినము తెల్లవారుజామున కోయవలెను. పూత ముగిసిన కంకిని త్రుంచినచో క్రొత్త కంకులు వచ్చును. కిలో తూగుటకు వేలకొలది పూలు కావలెను గనుక కోయు చేతులెన్నియో లెక్కించుకొని నాటుడు. మొదట గుంట చాలును. మిగిలిన పూలను గుడిమల్కాపూరు పూలమార్కెటుకు పంపవచ్చును.

సోదరులారా! పొరుగువాడు నారు అడిగినచో తప్పక ఇయ్యుడు. పూలమొక్క పంచినకొలది పెరుగును. కాని ఇయ్యకముందు ఒక మొక్కను పెరికి, నీటిలో కడిగి, వేరు తెల్లగా నున్నదో లేదో చూచి ఇయ్యుడు. ఆ పని నేను ఆనాడు చేసినచో ఒక ఇల్లాలి తోట నిలిచియుండును.