రక్తంలోని రాత



పుట్టిన బిడ్డకు రక్తం పట్టకపోతే ఇంట్లో మొదట వినబడే మాట 'తల్లి రక్తం మంచిది కాదు' అని. మన పెగడపల్లిలోనే కాదు, ఎక్కడైనా ఇదే వరస. ఆ మాట ఎంత తప్పో చెప్పాలనే నిలబడ్డాము.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోను డి.ఎన్.ఏ. అనే సన్నని దారం ఉన్నది. దాన్ని ఒక పుస్తకం అనుకోండి. తెలుగుకు 56 అక్షరాలు. ఈ రాతకు నాలుగే: ఏ, టి, జి, సి. మూడేసి అక్షరాలకు ఒక మాట. అట్లాంటి మాటలు 64. వాటిలో మూడు 'ఇక్కడ ఆపు' అని చెప్పేవి. ఈ మాటల అర్థం తేల్చినవారిలో అప్పటి పంజాబులో పుట్టిన హరగోవింద్ ఖొరానా ఒకరు; 1968లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు. ఈ పుస్తకం ప్రతి మనిషికి రెండు ప్రతులు వస్తుంది, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు!

ఇంత రాతలో ఒక్క అక్షరం తప్పితే ఏమైతది అంటారేమో. ఉర్దూ చదివిన పెద్దలకు తెలుసు, 'దువా'లో ఒక నుక్తా ఎక్కువ పడితే 'దగా' అవుతుంది. హిమోగ్లోబిన్ పాఠంలో ఒకచోట జి.ఏ.జి. అని ఉండాలి. అక్కడ జి.టి.జి. పడితే సికిల్ సెల్ దోషం. గోదావరి అవతల ఆదిలాబాదు గిరిజనుల్లో కనబడేది ఇదే. ఆ పాఠంలోనే వేరే తప్పులు పడితే తలసేమియా. అది ముదిరిన బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలె.

అయితే ఒక ప్రతి తప్పైనా రెండోది సరిగా ఉంటే మనిషి మామూలుగానే బతుకుతాడు, తనలో తప్పున్నట్టు కూడా తెలియదు. భార్యాభర్తలిద్దరిలోను తప్పుంటేనే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బుకు అవకాశం. మరి కోడలినొక్కదాన్నే అనడమేమిటి? ఖాలా బిడ్డను, మామూ కొడుకును చేసుకునే మన ఇళ్లలో, మేనరికం చేసుకునే ఇరుగుపొరుగు ఇళ్లలో, ఒకే తాత తప్పు రెండు వైపులా దిగి కలుసుకునే అవకాశం ఎక్కువ.

నిఖాకు ముందే రక్తపరీక్షతో ఇది తెలుసుకోవచ్చు. హైదరాబాదులో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998లో మొదలైంది ఈ బాధితుల కోసమే.

పరీక్ష అంటే పిల్లకు సంబంధాలు రావని తల్లుల భయం. అది ఉత్త భయమని మేము అనము. అందుకే అబ్బాయికే ముందు చేయించండి. అతనిలో ఈ తప్పు లేదని తేలితే, ఈ రెండు జబ్బుల కోసం అమ్మాయిని పరీక్షకు పంపే అవసరమే ఉండదు.