పరదేశపు ప్రాణి, మన పూచీ
(ప్రసంగ పాఠం)

ఢిల్లీ మహానగరంలో పురానా ఖిలా ప్రాకారాల చెంత 176 ఎకరాల విస్తీర్ణంలో ఒక జంతు ప్రదర్శనశాల ఉన్నది. 1959 నవంబరు 1వ తేదీన అది ప్రజల దర్శనార్థం తెరువబడింది. 1982లో దానికి జాతీయ జంతు ప్రదర్శనశాల అని నామకరణం జరిగింది. కేంద్ర ప్రభుత్వం నేరుగా నిర్వహించే ఈ సంస్థకు దేశం నలుమూలల నుండి కుటుంబాలు, విద్యార్థి బృందాలు వస్తుంటాయి. కాశ్మీరు బాలుడు, కోనసీమ బాలిక ఒకే గట్టున నిలబడి నీటిగుర్రం నోరు తెరవడం చూచి నవ్వుకొనే చోటు అది. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఆ నవ్వు ఇద్దరికీ తెలుస్తుంది. అయితే ఆ నవ్వు వెనుక రేయింబవళ్ళు సాగే శ్రమ ఒకటి ఉన్నది. ఆ శ్రమ ఎక్కడ ఫలిస్తుందో, ఎక్కడ చాలకపోతుందో పరిశీలించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ జంతుశాల నిర్మాణంలోనే పలు దేశాల చేయి ఉన్నది. భారత వన్యప్రాణి మండలి 1952లో ఇందుకై ఒక సంఘాన్ని ఏర్పరచింది. తొలి ఆలోచనలలో సింహళ జంతుశాలకు చెందిన మేజర్ వైన్‌మన్ తోడ్పడ్డారు. అనంతరం జర్మనీలోని హాంబర్గు నగరానికి చెందిన కార్ల్ హైన్రిచ్ హాగెన్‌బెక్ 1956 మార్చిలో ప్రాథమిక ప్రణాళికను సమర్పించారు. ఇనుప కటకటాలకు మారుగా కందకాలు త్రవ్వి, జంతువును ఆరుబయట ఆవరణలో ఉంచాలన్నది అందులోని ముఖ్య సూచన. 1963 అక్టోబరు 6న హైదరాబాదులో మీర్ ఆలం చెరువు చెంత ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాలను చూచిన తెలుగువారికి కూడా ఇటువంటి కందకాలు పరిచితమైనవే.

పరదేశ ప్రాణి అనగానేమి? మన అడవులలో సహజంగా జీవించని జాతికి చెందినది అని స్థూలంగా చెప్పవచ్చు. చింపాంజీ, జాగ్వారు, నీటిగుర్రం, ఆఫ్రికా ఏనుగు ఇటువంటివే. దేశీయమైన జింక గాయపడితే, చికిత్స చేసి తిరిగి అడవిలో విడిచిపెట్టే అవకాశం కొంతైనా ఉంటుంది. పరదేశ ప్రాణికి ఆ దారి లేదు. దాని అడవి సముద్రాలకు ఆవల ఉన్నది. ఒకసారి వచ్చిన తరువాత దాని తిండి, నీడ, తోడు, వైద్యం అన్నీ మనుష్యుల చేతిలోనే ఉంటాయి. ఆ బాధ్యత దాని ఆయువు ఎంతో అంతవరకు సాగుతుంది. ఢిల్లీలో రీటా అనే చింపాంజీ 2019 అక్టోబరులో తన 59వ ఏట మరణించింది. అంటే ఒక ఉద్యోగి కొలువులో చేరి పదవీ విరమణ చేసినా ప్రాణి మిగిలే ఉండవచ్చును. సంరక్షణ ఒక వ్యక్తి దయ మీద గాక, సంస్థ క్రమశిక్షణ మీద ఆధారపడవలసింది అందువల్లనే.

ఆ క్రమశిక్షణకు కొన్ని మెట్లు ఉన్నవి. కొత్తగా వచ్చిన జంతువును ముందుగా ఇతర జంతువులకు దూరంగా కొన్ని వారాలు విడిగా ఉంచుతారు. రక్తం, మలం పరీక్షిస్తారు. అది అలవాటుపడిన మేతను ఒక్కసారిగా మాన్పించక, స్థానికంగా దొరికే మేతను కొద్దికొద్దిగా కలుపుతూ పోతారు. ఢిల్లీ వాతావరణం మరొక పరీక్ష. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకు పోతుంది. పౌష మాసపు రాత్రులలో అది నాలుగైదు డిగ్రీలకు దిగుతుంది. అందువల్ల వేసవిలో నీటి తుంపరలు, కూలర్లు, మడుగులు, చలికాలంలో హీటర్లు, ఎండుగడ్డి పరుపులు అవసరమవుతాయి. ఇవన్నీ శరీర రక్షణకు సంబంధించినవి. మనస్సు సంగతి వేరు. రోజంతా మేత వెదకుతూ తిరగడానికి పుట్టిన ప్రాణికి, వేళకు మేత తెచ్చి ముందు పోస్తే మిగిలిన కాలం శూన్యమవుతుంది. తల అదే పనిగా ఊపడం, ఒకే దారిలో అటూ ఇటూ నడవడం ఆ శూన్యానికి చిహ్నాలు. మేతను దుంగల సందున, చెట్ల కొమ్మల మీద దాచి వెదకుకొనేలా చేయడం నేటి సంరక్షణలో ఒక భాగం.

ఇంత చేసినా ఇవ్వలేనిది ఒకటి ఉన్నది. శంకర్ కథ దానినే చెబుతున్నది.

1998లో జింబాబ్వే దేశం భారతదేశానికి రెండు ఆఫ్రికా ఏనుగు పిల్లలను బహూకరించింది. వాటిలో మగపిల్లకు డాక్టర్ శంకర్ దయాళ్ శర్మ పేరు మీదుగా శంకర్ అని పేరు పెట్టారు. రాష్ట్రపతి పదవికి పూర్వం 1984-85లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన శర్మగారు తెలుగువారికి సుపరిచితులు. శంకర్‌కు తోడుగా వచ్చిన ఆడపిల్ల పేరు బొంబాయి. కొన్ని సంవత్సరాలకే అది మరణించింది. అటుపిమ్మట శంకర్‌ను ఆసియా ఏనుగులతో కలిపే ప్రయత్నం జరిగింది గాని ఫలించలేదు. ఆసియా ఏనుగు, ఆఫ్రికా ఏనుగు చూడడానికి బంధువులే అయినా వేర్వేరు జాతులు. ఒకదాని చెవులు చిన్నవి, వీపు ఉబ్బెత్తు. రెండవదాని చెవులు చేటలను మించినవి, వీపు పల్లం. తొండం కొనన ఒకదానికి ఒకే వేలి వంటి మొన ఉంటే, రెండవదానికి రెండు ఉంటాయి. చివరకు శంకర్ ఒంటరిగా మిగిలింది.

ఏనుగుకు ఒంటరితనం ఎంతటి విషయమో దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ ఉద్యానవనంలో తేటతెల్లమైంది. పెద్దల అండ లేకుండా పెరిగిన పడుచు మగ ఏనుగులు అక్కడ 1990ల దశకంలో నలభైకి పైగా ఖడ్గమృగాలను చంపివేశాయి. 1998లో, అనగా శంకర్ ఢిల్లీ చేరిన సంవత్సరంలోనే, క్రూగర్ ఉద్యానవనం నుండి ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి అక్కడ విడిచిపెట్టారు. పెద్దల సమక్షంలో పడుచు ఏనుగుల మదం అణగింది, హత్యలు ఆగిపోయాయి. ఏనుగు తన నడవడిని తన పెద్దల వద్దనే నేర్చుకుంటుంది. మావటి ఎంత ప్రేమగలవాడైనా ఆ పాఠం చెప్పలేడు.

ఒంటరి ఏనుగుల బాధ ఒక్క భారతదేశానిదే కాదు. 1949లో జపాను బాలల కోరికపై నెహ్రూ పండితుడు మైసూరు ప్రాంతపు ఏనుగును టోక్యోలోని ఉయెనో జంతుశాలకు పంపారు. ఇందిర అనే పేరుగల ఆ ఏనుగు యుద్ధంలో నలిగిన ఒక తరానికి ఆనందం పంచి 1983లో కన్నుమూసింది. అదే 1949లో థాయిలాండు నుండి ఆ నగరానికి వచ్చిన హనాకో తరువాత వేరొక జంతుశాలకు మారి, దశాబ్దాల తరబడి ఒంటరిగా బ్రతికి 2016లో 69వ ఏట మరణించింది. బహుమతి ఇచ్చిన చేయి, పుచ్చుకున్న చేయి రెండూ స్నేహంతో చాచినవే. ఆ స్నేహంలో ఏనుగు ఇష్టాయిష్టాలను అడిగినవారు లేరు.

శంకర్ విషయంలో అడిగినవారు కొందరు వచ్చారు. వారిలో పదహారేళ్ళ విద్యార్థిని ఒకరు. ఆఫ్రికా ఏనుగులు ఉన్న చోటికి శంకర్‌ను తరలించాలని ఆమె ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఏనుగుల తరలింపును పరిశీలించే సంఘాన్ని సంప్రదించవలసిందని న్యాయస్థానం 2023లో సూచించింది. 2024 అక్టోబరులో ప్రపంచ జంతుశాలల సంఘం ఢిల్లీ సంస్థ సభ్యత్వాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. అదే నెలలో శంకర్ కాలి గొలుసులు తొలగించబడ్డాయి. తోడు తెచ్చే యత్నాలు కూడా సాగినవి. అవి ఫలించక మునుపే, 2025 సెప్టెంబరు 17న, 29 ఏళ్ళ వయస్సులో శంకర్ మరణించింది. ఎలుకల ద్వారా వ్యాపించి గుండె కండరాలను దెబ్బతీసే ఒక వైరస్ అందుకు కారణమని అనంతర పరీక్షలలో వెల్లడైంది. ఆఫ్రికా ఏనుగు అరవై ఏళ్ళకు పైగా జీవించగలదు.

ఈ చరిత్రలో నిందకంటె నేర్వవలసినది ఎక్కువ. దాణా కొట్టులో ఎలుకలను అరికట్టడం చిన్నపనిగా కనిపిస్తుంది. అతిపెద్ద నేలజంతువు ప్రాణం ఆ చిన్నపని మీద ఆధారపడి ఉన్నది. గుంపుగా బ్రతికే జాతిని తెచ్చేటప్పుడు గుంపునే తేవాలి, లేదా అసలు తేకూడదు. జంట తెస్తే చాలునన్న లెక్క, ఆ ఇద్దరిలో ఒకరు పోయిన నాడు తప్పుతుంది.

విద్యార్థులకు ఈ విషయం దూరమైనదేమీ కాదు. ఇగువానాలు, రంగుల చిలుకలు, పరదేశపు తాబేళ్ళు నేడు నగరాల ఇండ్లలోకి వస్తున్నవి. ముచ్చట తీరిన తరువాత తాబేలును ఊరి చెరువులో విడిచిపెట్టేవారు ఉన్నారు. అది అక్కడి స్థానిక తాబేళ్ళ మేతను, చోటును ఆక్రమిస్తుంది. విడిచినవాడు దయ చూపానని అనుకుంటాడు, నష్టం చెరువుకు జరుగుతుంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే 1973 నాటి ఒడంబడికలో భారతదేశం 1976 నుండి భాగస్వామి. 2022లో సవరించబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, ఆ ఒడంబడిక జాబితాలలోని ప్రాణులను ఉంచుకొనేవారు వాటి వివరాలను ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి.

ఢిల్లీ జంతుశాలలోని మడుగులకు 1960 నుండి ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కట్టుకుంటున్నాయి. వాటిని ఎవరూ పట్టి తేలేదు, ఎవరూ బహూకరించలేదు. వానలు ముగిసే వేళకు వస్తాయి, పిల్లలను పెంచుకొని వెళ్తాయి. ఇవే జాతి కొంగలు అనంతపురం సీమలోని వీరాపురం గ్రామంలో చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. అక్కడి గ్రామస్థులు వాటిని శుభసూచకంగా భావించి కాపాడుకుంటూ వస్తున్నారు. నీరు, చెట్టు, నిర్భయం అనే మూడూ దొరికితే అతిథి తనంతట తానే వస్తుంది. జంతుశాల ఆవరణలో ఒక వైపు ఇష్టంతో వచ్చిన ఆ కొంగలు, మరొక వైపు ఇష్టం అడగకుండా తెచ్చిన ప్రాణులు ఉన్నవి. ఆ రెండింటినీ ఒకేసారి చూచి వచ్చిన విద్యార్థి, ఇంటికి తిరిగివచ్చి తన వీధిలోని పెంపుడు చిలుక పంజరాన్ని కొత్త కన్నుతో చూడగలిగితే, ఆ సందర్శన సార్థకమైనట్లే.