డబ్బా మీది రంగు చూశారా?



పురుగుమందు విషమని తెలియని రైతు లేడు. అయినా పత్తి, మిరప చేలల్లో ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా మందు కొట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఇది ఒట్టి నిర్లక్ష్యం కాదు. ఉక్కపోతలో మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదు. అరువుకు తెచ్చుకుంటే దుకాణదారు ఇచ్చిందే మందు, చెప్పిందే మోతాదు. పైగా కొట్టేది చాలాచోట్ల కూలీ మనిషి; తొడుగులు కొనివ్వమని అడిగే ధైర్యం అతనికి ఉండదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

మరి రైతు ఎప్పుడు మారతాడు? పక్క చేలో ఫలితం కళ్లారా చూసినప్పుడు. నాటి ఖమ్మం జిల్లా పునుకులలో ముందు కొద్దిమంది వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలతో పత్తి పండించారు. ఖర్చు తగ్గడం చూసి ఊరు ఊరంతా రసాయన మందులు మానేసింది. రైతులు పొలంలోనే కలిసి చూసి నేర్చుకునే పొలంబడులు పనిచేసేదీ ఇలాగే.

మందు తప్పనిసరైతే ముందు డబ్బా మీది రంగు త్రికోణం చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం. తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. గాలికి ఎదురుగా కొట్టకండి. మందు కొట్టినప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయకండి. కూలీకి తొడుగులు, మాస్కు మీరే ఇవ్వండి. సందేహముంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు, ప్రాణం అలా కాదు.