బొగ్గుల ఇస్త్రీ పెట్టె: షోకేసులో పెట్టే ముందు

ఇంటి డెకార్ రీల్స్ చూసేవాళ్లకి ఈ వస్తువు తగిలే ఉంటుంది. టీవీ స్టాండ్ పక్కన, పుస్తకాల అరలో, మెట్ల మూల... పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె. కొందరైతే మూత తీసి లోపల మనీప్లాంట్ కూడా పెట్టేస్తున్నారు. ఇవాళ దీని సంగతి చూద్దాం.

పాత ఇస్త్రీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పొయ్యి మీద పెట్టి కాల్చే ఇనుప దిమ్మ. దాన్ని ఇంగ్లీషులో సాడ్ ఐరన్ అంటారు. ఏడుపేం లేదండోయ్, పాత ఇంగ్లీషులో ఆ మాటకి బరువైనది, గట్టిది అని అర్థం. పిడి కూడా ఇనుమే కాబట్టి చెయ్యి కాలేది. 1871లో అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన మేరీ ఫ్లారెన్స్ పాట్స్, ఊడదీసి ఇంకో దిమ్మకి తగిలించుకునే పిడి చేసి పేటెంట్ తీసుకుంది. ఒకటి వాడుతుంటే ఇంకోటి పొయ్యి మీద కాగుతూ ఉంటుందన్నమాట.

రెండోది మనకి తెలిసిన పెట్టె. మూత ఎత్తి నిప్పులు వేస్తారు, పక్కనున్న కన్నాల్లోంచి గాలి తగిలేలా ఊపుతారు. పిడి చెక్కది. ఒళ్లు పోత ఇనుముది గానీ ఇత్తడిది గానీ. ఇండోనేషియాలో అయితే మూత గడియ మీద కోడిపుంజు బొమ్మ ఉంటుంది, భలే ముచ్చటగా ఉంటుంది. అన్నట్టు, ఇస్త్రీ అనే మాటే పోర్చుగీసు నుంచి వచ్చిందంటారు.

కరెంటు ఇస్త్రీకి 1882లోనే న్యూయార్క్‌లో పేటెంట్ వచ్చింది. అయినా మన వీధి బండి మీద బొగ్గుల పెట్టె ఇంకా ఎందుకుంది? కరెంటు పోయినా పని ఆగదు. పైగా ఆరేడు కిలోల బరువే సగం పని చేసిపెడుతుంది, కాటన్ చీర మీద గట్టిగా నొక్కక్కర్లేదు. కాకపోతే ఆ బరువుని రోజంతా లాగే భుజం సంగతి వేరే.

ఇక కొనేటప్పుడు. యాంటిక్ అని అమ్మేవాటిలో కొత్తగా పోతపోసి నల్లరంగు పూసినవి బోలెడు. తిరగేసి అడుగు చూడండి. నిజంగా వాడినదైతే అద్దంలా నున్నగా ఉంటుంది, అంచులు అరిగి ఉంటాయి. కొత్తదైతే ఇసుక గరుకు తెలుస్తుంది. లోపల కాలిన మరకలు, పిడి మీద చేతి జిడ్డుకి నల్లబడిన చోటు వెతకండి. ఇత్తడి అని చెబితే అయస్కాంతం పెట్టండి, అంటుకుంటే ఇనుము మీద పూతే. ప్లస్ గుర్తు స్క్రూ కనిపిస్తే కూడా ఆలోచించాలి. అవి 1930ల నుంచే వచ్చాయి. రిపేరులో వేసి ఉండొచ్చనుకోండి.

ఇత్తడికి చింతపండు చాలు. ఇనుప దాన్ని మాత్రం నానబెట్టొద్దు. స్టీలు పీచుతో పొడిగా తుప్పు రాల్చి, గుడ్డతో పల్చగా నూనె రాయండి. మెరుపు కోసం గ్రైండర్ పెట్టించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నలుపే కదా దాని వయసు! మొక్క పెట్టాలంటే విడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి దింపండి, తడి తగిలితే అడుగు తినేస్తుంది. గోడకి కొట్టిన పల్చటి అర మీద వద్దు. పోత ఇనుము పెళుసు, పడితే పగులుతుంది. కింద పసిపిల్లలుంటే ఇంకా ప్రమాదం. ఇంకోటి, వీడియో కోసం తలుపులేసిన గదిలో బొగ్గులు రాజేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు అసలు మాట. హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్‌లోనో, పాత ఇనప సామాన్ల కొట్టులోనో కొంటే ఇబ్బంది లేదు. కానీ వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికెళ్లి, "ఇది ఇచ్చెయ్, అయిదొందలిస్తా" అనడం ఉంది చూశారూ... అది ఆయన రేపటి పని. తెలంగాణలో 2021 నుంచి లాండ్రీలకి నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితం, నిజమే. చెట్టు కింద బండికి మీటరు ఎక్కడిది? పెద్ద వయసు మనిషిని "నువ్వు" అనడం, కులం పేరుతో పిలవడం కూడా అక్కడే మొదలవుతుంది. మన పక్కింటి అంకుల్‌ని అలా పిలుస్తామా?

ఆయనే కరెంటుకో గ్యాస్ ఇస్త్రీకో మారి పాతది అమ్ముతానంటే తప్పకుండా తీసుకోండి. తూకం రేటు కాదు, యాంటిక్ షాపులో చెప్పే రేటు ఇవ్వండి. ఎన్నేళ్లు వాడారు, అంతకుముందు ఎవరిది, ఏ ఊరు నుంచి తెచ్చుకున్నారు అని అడగండి. ఆయన సరేనంటే ఓ కాగితం మీద రాసి పెట్టె లోపలే ఉంచండి. చుట్టాలొచ్చి "ఇదేంటి?" అంటే మూత తీసి చూపించొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో పాత ఇత్తడి తాళాల గురించి. ఉంటాను మరి!